150 గ్రాములు పెంచితే 740 గ్రాములు తగ్గింది: మాడ్యులర్ డ్రోన్ డిజైన్‌పై ఒక కేస్ స్టడీ

పని చూడటానికి చిన్నదే. 16 మీటర్ల వ్యాసం, 20 మీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు నిల్వ ట్యాంకు. దాన్ని ఖాళీ చేసి, గ్యాస్ లేదని క్లియరెన్స్ ఇచ్చాక డ్రోన్ లోపలికి వెళ్లి గోడంతా ఫొటోలు తీయాలి. గోడ వైశాల్యం దాదాపు 1,000 చదరపు మీటర్లు. ఫొటోలో ఒక పిక్సెల్ గోడ మీద అర మిల్లీమీటరుకు మించకూడదు, మించితే సన్న పగుళ్లు కనిపించవు. లోపల చిమ్మచీకటి కాబట్టి లైటు కూడా డ్రోనే మోసుకెళ్లాలి. మధ్యలో బ్యాటరీ మార్చకుండా ఒకే విడతలో పూర్తవ్వాలన్నది క్లయింటు షరతు.

కొత్త డ్రోన్‌ను మొదటి నుంచి డిజైన్ చేసే ఉద్దేశం మాకు లేదు. ఫ్రేము, మోటార్లు, ప్రొపెల్లర్లు, బ్యాటరీ, కంప్యూటర్, కెమెరా, లైటు, అన్నీ రెడీగా దొరికే మాడ్యూళ్లే. వాటిలో ఏవి ఎంచుకోవాలన్నదే సమస్య. వీటిలో ఐదు రకాలకే, ఒక్కో రకంలో పదేసి మోడళ్లు అనుకున్నా కాంబినేషన్లు లక్ష. మామూలుగా ఇలాంటి పని ఎలా జరుగుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలిసిందే. ఎవరి స్ప్రెడ్‌షీట్ వాళ్లది. మెకానికల్ వాళ్లు బరువు పట్టుకుంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు పెద్ద కంప్యూటర్ అడుగుతారు, బ్యాటరీ చూసేవాళ్లు చివర్లో వచ్చి “ఇది ఎగరదు” అంటారు. అప్పుడు మళ్లీ మొదటికి.

మా దగ్గరా గొడవ కంప్యూటర్ మీదే మొదలైంది. లోపాలను ఎగురుతుండగానే గుర్తించాలంటే ఇప్పుడున్న 10 వాట్ల బోర్డు చాలదని, ఇంకో 200 గ్రాముల బరువు, 30 వాట్ల పవర్ అదనంగా ఉండే బోర్డు కావాలని సాఫ్ట్‌వేర్ టీమ్ పట్టుబట్టింది. 200 గ్రాములేగా అన్నది వాళ్ల వాదన. ఆ 200 గ్రాముల అసలు ఖరీదెంతో చెప్పగలిగే లెక్క మా షీట్లలో ఎక్కడా లేదు.

ఇచ్చేది, అడిగేది

మాడ్యులర్ రోబో అనగానే తమంతట తాము విడిపోయి మళ్లీ కలుసుకునే రోబోలు గుర్తొస్తాయి చాలామందికి. 1980ల చివర్లో జపాన్‌లో తొషియో ఫుకుదా బృందం చేసిన సెబాట్ లాంటివి. ఇక్కడ సంగతి అది కాదు. ఒకసారి బిగించాక ఇక మారని రోబోయే, కాకపోతే విడివిడి భాగాలతో కట్టేది. ఏ భాగానికి ఏ భాగం సరిపోతుందో తేల్చడానికి ఒక గణితం కావాలి.

మేం వాడింది రోబోటిక్స్ పరిశోధకుడు ఆండ్రియా చెన్సి 2015లో ప్రతిపాదించిన కో-డిజైన్ సిద్ధాంతం. దాని మూల ఆలోచన చాలా తేలిక. ప్రతి మాడ్యూల్‌నూ ఒక డబ్బాగా చూడాలి. ఒక వైపు అది ఇచ్చేది, ఇంకో వైపు అందుకు అది అడిగేది. బ్యాటరీ ఇచ్చేది శక్తి, అడిగేది బరువు. మోటారు-ప్రొపెల్లర్ సెట్టు ఇచ్చేది పైకెత్తే బలం, అడిగేది పవర్, కొంత బరువు. లైటు ఇచ్చేది వెలుతురు, అడిగేది వాట్లు, గ్రాములు. లోపల ఏముందో, ఏ సమీకరణం ఉందో పక్క డబ్బాకు తెలియక్కర్లేదు.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. ఇచ్చేది పెంచమంటే అడిగేది తగ్గకూడదు. ఎక్కువ శక్తి కావాలంటే బరువు అంతే ఉండొచ్చు, లేదా పెరగొచ్చు. దీన్నే మోనోటోన్ లక్షణం అంటారు. డెరివేటివ్‌లు అక్కర్లేదు, గ్రాఫు నున్నగా ఉండక్కర్లేదు, కేటలాగులో పది మోడళ్లే ఉన్నా పర్వాలేదు. కావలసిందల్లా ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న క్రమమే.

ఆ క్రమం కూడా పాక్షికమే. 200 గ్రాములు, 10 వాట్లు అడిగే బోర్డు ఒకటి. 150 గ్రాములు, 15 వాట్లు అడిగేది ఇంకొకటి. రెండిట్లో ఏది చవక? ఈ రెండు అంకెలు చూసి చెప్పలేం, చెప్పకూడదు కూడా. చాలా టీములు ఇక్కడే తొందరపడి “బరువుకు 0.6, పవర్‌కు 0.4” అంటూ వెయిటేజీలు వేసి ఒక స్కోరు తీస్తాయి. ఆ 0.6 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఈ పద్ధతిలో పోల్చలేని వాటిని పోల్చకుండానే ఉంచుతాం. అన్ని విధాలా ఇంకొకదాని చేతిలో ఓడిపోయినవాటిని తీసేస్తే మిగిలే గుంపును యాంటీచెయిన్ అంటారు. ఇంజినీర్లకు అలవాటైన మాటల్లో పారెటో ఫ్రంట్. ప్రతి డబ్బా “ఇంత ఇవ్వు” అంటే “ఇదిగో, అడిగేవాటి యాంటీచెయిన్” అని జవాబిస్తుంది.

డబ్బాలను మూడు రకాలుగా కలుపుతాం. ఒకదాని తర్వాత ఒకటి, పక్కపక్కన, ఇంకా వలయంగా. మూడిట్లో ఎలా కలిపినా వచ్చిన పెద్ద డబ్బా కూడా మోనోటోనే. సిద్ధాంతంలోని బలమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. చిన్న భాగాల మీద రుజువైన లక్షణం ఎంత పెద్ద రోబోకైనా దానంతటదే వచ్చేస్తుంది. కేటగిరీ థియరీ అనే గణిత శాఖ తెలిసినవాళ్లు దీని వెనక ఉన్న ప్రొఫంక్టర్లను చూసి మురిసిపోతారు. డ్రోన్ కట్టడానికి మాత్రం అవి తెలియనక్కర్లేదు.

వలయం

డ్రోన్ డిజైన్‌లో కష్టమంతా వలయంలోనే. ఎగరాలంటే పవర్ కావాలి, పవర్ కోసం బ్యాటరీ, బ్యాటరీకి బరువు, ఆ బరువును మోయడానికి ఇంకా పవర్. ప్రొపెల్లర్ గాలిని కిందికి నెట్టడాన్ని లెక్కగట్టే మొమెంటం థియరీ ప్రకారం గాల్లో నిలబడటానికి కావలసిన పవర్ మొత్తం బరువుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది. అంటే బరువు రెట్టింపైతే పవర్ 2.83 రెట్లవుతుంది.

మా మొదటి డిజైన్ అంకెలతో చూద్దాం. 15 అంగుళాల ప్రొపెల్లర్లు నాలుగు, ప్రొపెల్లర్ నుంచి మోటారు దాకా కలిపి సామర్థ్యం 55 శాతం. బ్యాటరీ వదిలేస్తే మిగతా బరువంతా 2.0 కేజీలు. లైటుకు 20 వాట్లు, కంప్యూటర్‌కు 10, మొత్తం 30 వాట్లు. లిథియం పాలిమర్ బ్యాటరీ నుంచి, అడుక్కంటా వాడకుండా, కేజీకి 120 వాట్-అవర్లు వాడుకోవచ్చని లెక్క. మిషన్ 30 నిమిషాలు.

బ్యాటరీ బరువు సున్నా అనుకుని మొదలుపెడతాం. 2.0 కేజీలు ఎగరడానికి సుమారు 150 వాట్లు, పైన 30. అరగంటకు కావలసిన బ్యాటరీ 0.75 కేజీ. ఆ బరువు కలిపి మళ్లీ లెక్కేస్తే 1.13. మళ్లీ వేస్తే 1.34, తర్వాత 1.47, 1.55, 1.60... అలా పెరుగుతూ 1.68 కేజీల దగ్గర ఆగుతుంది. ఎన్నిసార్లు మళ్లీ లెక్కేసినా ఇక మారని అంకె ఇది; దీన్నే కనిష్ఠ స్థిర బిందువు అంటారు. గణితవేత్త స్టీఫెన్ క్లీనీ పేరుతో ఉన్న సిద్ధాంతం చెప్పేదేమిటంటే, అడుగు నుంచి మొదలుపెట్టి ఇలా పైకి ఎక్కుతూ పోతే మనం ఆగే చోటే అన్నిటికంటే తక్కువ ఖర్చున్న పరిష్కారం. దానికి దిగువన ఇంకేదీ ఉండదు. మొత్తం డ్రోన్ బరువు 3.68 కేజీలు.

బ్యాటరీలు కేటలాగులోని సైజుల్లోనే దొరుకుతాయి కదా అంటే, దానికీ ఇబ్బంది లేదు. ప్రతి అడుగులో లెక్కకు పైన ఉన్న మొదటి సైజుకు ఎక్కుతాం, అంతే. మెట్లు లెక్కకు దొరికేవే కాబట్టి ఇంకా త్వరగా తేలిపోతుంది.

ఇప్పుడు నిమిషాలు పెంచి చూడండి. 25 నిమిషాలకు 1.11 కేజీల బ్యాటరీ చాలు. 30కి 1.68. 35కి 3.15. 36కి? పరిష్కారమే లేదు. ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా అది తన బరువును తానే మోసుకోలేదు. ఒక్క నిమిషం తేడాలో మొదటికే మోసం వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో 25, 30 నిమిషాల అంకెలు చూసినవాళ్లు “ఇంకో ఐదు నిమిషాలకు ఇంకో 600 గ్రాములు” అని గీత పొడిగించేస్తారు. అక్కడ గీత కాదు, గోడ ఉంది.

ఈ 36 నిమిషాల కేసును తెర మీద గమనించడం మంచి అనుభవం. బ్యాటరీ బరువు మొదట జోరుగా పెరుగుతుంది, తర్వాత మెల్లగా, 4.3 కేజీల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఒక్కో అడుగుకు 30 గ్రాములు పెరిగితే గొప్ప. ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఆగదు. ఆ ఇరుకు సందు దాటగానే మళ్లీ వేగం పుంజుకుని ఎటో వెళ్లిపోతుంది. కోడులో “మార్పు 50 గ్రాములకంటే తక్కువైతే ఆపు” అని రాసి ఉంటే, లేని పరిష్కారాన్ని ఉందని ప్రింటు చేసేది. కాబట్టి ఆపే షరతును చాలా బిగువుగా పెట్టాలి. దాంతోపాటు పైన ఒక హద్దు కూడా పెట్టాలి: ఈ మోటార్లు నిలబెట్టగల గరిష్ఠ బరువు. ఆ హద్దు దాటితే “సాధ్యం కాదు” అన్నది అభిప్రాయం కాదు, రుజువు. మీటింగులో ఆ రుజువుకున్న విలువ, వంద గ్రాఫులకు లేదు.

లైటు సంగతి

అసలు 30 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? అందరూ దాన్ని ఇచ్చిన షరతుగా తీసుకున్నారు. మేం మిషన్‌ను కూడా ఒక డబ్బాగా గీశాం. అది ఇచ్చేది గోడ మొత్తం ఫొటోలు, అడిగేది వేగం, సమయం. గీయగానే ఆ 30 విడిపోయింది.

కెమెరా అడ్డంగా 4,000 పిక్సెళ్లు. పిక్సెల్‌కు అర మిల్లీమీటరు చొప్పున గోడ మీద 2 మీటర్ల పట్టీ పడుతుంది. పక్క పట్టీతో 30 శాతం కలవాలి కాబట్టి ఉపయోగపడేది 1.4 మీటర్లు. 50 మీటర్ల చుట్టుకొలతకు 36 నిలువు పట్టీలు, ఒక్కోటి 20 మీటర్లు, మొత్తం దాదాపు 720 మీటర్ల ప్రయాణం. ఎక్కడం, దిగడం, మలుపులు కలిపి 6 నిమిషాలు పక్కన పెట్టాం. సెకనుకు అర మీటరు వేగంతో వెళ్తే 24 నిమిషాలు, దానికి 6 కలిపితే అవే ఆ 30.

మరి వేగం అర మీటరే ఎందుకు? ఫొటో మసక కాకుండా. ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకను, ఆ వ్యవధిలో డ్రోన్ కదిలేది అర మిల్లీమీటరు, అంటే సరిగ్గా ఒక పిక్సెల్. అంతకు మించితే పగుళ్ల అంచులు చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకను ఎందుకు? వెలుతురు చాలక. 20 వాట్ల ఎల్‌ఈడీ 2 మీటర్ల దూరం నుంచి ఇచ్చే వెలుతురు అంతే. వెలుతురు రెట్టింపైతే ఎక్స్‌పోజర్ సగమవుతుంది, వేగం రెట్టింపవుతుంది.

కంప్యూటర్ గురించి అంత గొడవ జరిగింది, లైటు గురించి ఎవరూ నోరెత్తలేదు. అది “యాక్సెసరీల” కింద జాబితా చివర్లో ఉండేది.

40 వాట్ల లైటు పెడదామంటే మెకానికల్ చూసే సీనియర్ ఒప్పుకోలేదు. హీట్‌సింక్‌తో కలిపి 150 గ్రాములు ఎక్కువ. “బరువు తగ్గించమని నేను మొత్తుకుంటుంటే, నువ్వు లైటు పెంచుతానంటావేంటయ్యా?” అన్నారు. “లైటు బరువు కాదు సార్, టైమ్ చూడండి” అని వలయం మళ్లీ తిప్పి చూపించాం. బ్యాటరీ కాక బరువు 2.15 కేజీలు, ఎలక్ట్రానిక్స్ 50 వాట్లు, మిషన్ 18 నిమిషాలు. బ్యాటరీ 0.79 కేజీ దగ్గర ఆగింది. మొత్తం 2.94 కేజీలు. పాత డిజైన్ 3.68. లైటుకు 150 గ్రాములు పెంచితే డ్రోన్ 740 గ్రాములు తగ్గింది. ఆయన ఒకసారి కాలిక్యులేటర్ మీద తనే వేసుకుని చూసి, “సరే, మరి 60 వాట్లు పెడితే?” అన్నారు.

60 వాట్లు పెడితే లైటు బరువు ఇంకో 150 గ్రాములు పెరుగుతుంది. వేగం సెకనుకు 1.5 మీటర్లు, మిషన్ 14 నిమిషాలు, బ్యాటరీ 0.66, మొత్తం 2.96 కేజీలు. ఇక్కడ యాంటీచెయిన్ అంటే ఏమిటో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 20 వాట్ల డిజైన్ బరువులోనూ ఓడింది, సమయంలోనూ ఓడింది. దాని మాట ఇక ఎత్తక్కర్లేదు. 40 వాట్లది 20 గ్రాములు తేలిక, 60 వాట్లది 4 నిమిషాలు త్వరగా ముగుస్తుంది. ఈ రెండిట్లో ఏది మంచిదో గణితం చెప్పదు, చెప్పాల్సింది మనమే. మేం 40 వాట్లదే తీసుకున్నాం. కారణం బరువు కాదు. 36 పట్టీలంటే ప్రతి పట్టీ చివరా ఆగి తిరగాలి. వేగం పెరిగేకొద్దీ ఆగడానికి, మళ్లీ అందుకోవడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఆ 6 నిమిషాలను స్థిరంగా పట్టుకున్న మోడల్ 1.5 మీటర్ల వేగం దగ్గర ఆశ ఎక్కువ చూపిస్తోందని మా అనుమానం. లైటు బిగించే బ్రాకెట్ మాత్రం 60 వాట్లదానికి కూడా సరిపోయేలా చేయించాం.

కంప్యూటర్ ఖరీదు

ఇప్పుడు మళ్లీ 200 గ్రాములు, 30 వాట్లు అదనంగా అడిగే ఆ బోర్డు దగ్గరకొద్దాం. 20 వాట్ల లైటున్న 30 నిమిషాల డిజైన్‌లో దాన్ని పెడితే బ్యాటరీ 1.68 నుంచి 2.48కి ఎక్కుతుంది. మొత్తం డ్రోన్ 4.68 కేజీలు. అంటే ఆ “200 గ్రాముల” బోర్డు ఖరీదు కేజీ! అదే బోర్డును 40 వాట్ల లైటున్న 18 నిమిషాల డిజైన్‌లో పెడితే మొత్తం 3.37 కేజీలు. ఖరీదు 430 గ్రాములు. బోర్డు అదే, డేటాషీటు అదే, ఖరీదు మాత్రం సగానికంటే తక్కువ.

ఈ కేసులో మాకు పనికొచ్చిన అసలు సంగతి ఇదే. మాడ్యూల్ ఖరీదు దాని డేటాషీటులో ఉండదు. అది ఏ వలయంలో కూర్చుంటుందో, ఆ వలయం గోడకు ఎంత దగ్గర్లో ఉందో, దాన్నిబట్టి ఉంటుంది. పాత డిజైన్ 35 నిమిషాల గోడకు దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ ప్రతి గ్రాముకూ దాదాపు రెండుముప్పావు గ్రాములు కట్టాల్సి వచ్చింది.

మార్జిన్లు, అనుమానాలు

బ్యాటరీ నిజంగా కేజీకి 120 వాట్-అవర్లు ఇస్తుందా? కొత్తదైతే ఇస్తుంది. వందసార్లు చార్జ్ చేశాక? ప్రొపెల్లర్, మోటార్ల సామర్థ్యం 55 శాతమేనా? గోడ పక్కన ఎగిరేటప్పుడు గాలి తిరగబడితే?

మామూలుగా దీనికి మందు మార్జిన్. ప్రతి టీమూ తన అంకె మీద పది శాతం వేసుకుంటుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ఎవరూ ఎక్కువ వేసుకున్నట్టు అనిపించదు. మా పాత డిజైన్‌లో బరువుకు పది శాతం, శక్తికి పది శాతం మార్జిన్ వేస్తే బ్యాటరీ 1.68 నుంచి 3.07 కేజీలకు ఎగబాకింది. రెండు పది శాతాలు కలిసి ఇరవై ఒక్క శాతం కాలేదు, ఎనభై దాటాయి. వలయంలో మార్జిన్లు కూడుకోవు, ఉబ్బుతాయి.

ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. ప్రతి డబ్బాకూ రెండు వెర్షన్లు రాయాలి: ఆశావాది వెర్షన్, నిరాశావాది వెర్షన్. అన్ని డబ్బాలూ మోనోటోన్ కాబట్టి, నిరాశావాదులందరినీ కలిపి తెచ్చిన జవాబు నిజమైన జవాబుకంటే తక్కువ ఉండదు, ఆశావాదులందరిదీ ఎక్కువ ఉండదు. నిజం ఆ రెండిటి మధ్యనే. లక్షసార్లు యాదృచ్ఛికంగా అంకెలు మార్చి మాంటె కార్లో నడపక్కర్లేదు, రెండుసార్లు లెక్కేస్తే చాలు.

నిరాశావాది లెక్కలో కేజీకి 100 వాట్-అవర్లు, సామర్థ్యం 50 శాతం పెట్టాం. 40 వాట్ల డిజైన్‌కు బ్యాటరీ 1.24, మొత్తం 3.39 కేజీలు. బరువెక్కింది గానీ ఎగురుతుంది. 20 వాట్ల డిజైన్‌కు? స్థిర బిందువే లేదు. మామూలు అంకెలతో చక్కగా 1.68 అని చెప్పిన డిజైన్, బ్యాటరీ కాస్త ముసలిదైతే చాలు, మధ్యలోనే దిగిపోతుంది. ఇది తెలిశాక ఆ లైటు మీద ఇంకెవరూ వాదించలేదు.

క్రమానికి లొంగనివి

అన్నీ ఇలా ఎక్కువ-తక్కువల్లోకి రావు. వోల్టేజీ తీసుకోండి. నాలుగు సెల్‌ల బ్యాటరీ 14.8 వోల్టులు, ఆరు సెల్‌లది 22.2. 22.2 వోల్టులు 14.8 కంటే “ఎక్కువ ఇచ్చేది” కాదు, వేరేది. దాన్ని సంఖ్యగా రాస్తే సాల్వర్ (ఈ లెక్కలు చేసే ప్రోగ్రాం) నిస్సంకోచంగా నాలుగు సెల్‌ల లైటును ఆరు సెల్‌ల బ్యాటరీకి కలిపేసి, “అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను” అంటుంది. దీనికి మందు, వోల్టేజీలను ఒకదానితో ఒకటి పోల్చలేని పేర్లుగా రాయడం. ప్రతి విలువా తనతో తానే సమానం, ఇంకే విలువతోనూ సంబంధం లేదు. కనెక్టర్ రకాలు, డేటా ప్రొటోకాల్‌లు కూడా ఇలాగే. వోల్టేజీ మార్చే కన్వర్టర్ కావాలంటే అదీ ఒక మాడ్యూలే; దానికీ ఓ బరువు, కొంత నష్టం, ఇచ్చేది-అడిగేది ఉంటాయి.

కంపనాలు ఇంకా చిక్కు. కెమెరా మౌంటు సహజ పౌనఃపున్యం ప్రొపెల్లర్ తిరిగే వేగానికి దగ్గర పడకూడదు. పైనున్నా మంచిదే, కింద ఉన్నా మంచిదే, దగ్గర్లో ఉంటేనే ముప్పు. ఇది ఏ క్రమంలోకీ ఇమడదు. పైగా బ్యాటరీ బరువు మారితే ప్రొపెల్లర్ వేగం మారుతుంది కాబట్టి ఇదీ వలయంలోకే వచ్చి పడుతుంది. మేం దీన్ని సిద్ధాంతంలోకి బలవంతంగా తోయలేదు. యాంటీచెయిన్‌లో మిగిలిన కొద్ది డిజైన్లను విడిగా పరీక్షించాం. డ్రోన్‌ను గాల్లో నిలకడగా ఉంచే కంట్రోల్ లూప్ స్థిరత్వం కూడా అంతే. ఈ పద్ధతి ఆ పనులను తప్పించదు, వాటిని కొద్ది డిజైన్లకు పరిమితం చేస్తుంది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. లక్ష కాంబినేషన్లంటే కంప్యూటర్‌కు లెక్కే కాదు. ఒక్కోదానికీ వలయం తిప్పి అన్నీ చూసేసినా క్షణాల్లో అయిపోతుంది. ఈ సైజులో వేగం కోసమే కో-డిజైన్ వాడతామంటే నేను సమర్థించను. డబ్బాల సంఖ్య పెరిగి, డ్రోన్లు పదిగా, చార్జింగ్ స్టేషన్లు, ఆపరేటర్లు అన్నీ ఒకే లెక్కలోకి వచ్చినప్పుడు ఆ వేగం అక్కరకొస్తుంది. మాకు ఉపయోగపడినవి వేరే. ఒకటి, “సాధ్యం కాదు” అన్నదానికి రుజువు దొరకడం. రెండు, ప్రతి టీమూ తన డబ్బా తానే రాసుకుని, తన మోడల్ లోగుట్టు ఇంకొకరికి చెప్పకుండానే మొత్తంలోకి కలపగలగడం. బ్యాటరీ సరఫరాదారు మధ్యలో మారినప్పుడు ఒక్క డబ్బా మార్చి మళ్లీ నడిపాం, మిగతావాళ్ల షీట్ల జోలికి ఎవరూ వెళ్లలేదు. మూడోది, మిషన్‌ను కూడా డబ్బాగా గీయాల్సి రావడం. అది గీయకపోతే 30 నిమిషాలు దేవుడిచ్చిన అంకెగా ఉండిపోయేది.

చివరికి 40 వాట్ల డిజైన్‌ను ఖరారు చేసి, ప్రతి టీముకూ మారకపు రేట్లు ఇచ్చాం. ఈ డిజైన్ దగ్గర ప్రతి 100 గ్రాముల మాడ్యూల్ బరువుకూ మొత్తం డ్రోన్ బరువు సుమారు 150 గ్రాములు పెరుగుతుంది; ప్రతి 10 వాట్లకూ సుమారు 38 గ్రాములు. (పాత డిజైన్‌లో ఇవే 270, 114.) ఈ రేట్లు చిన్న మార్పులకే చెల్లుతాయి, పెద్ద మార్పైతే వలయం మళ్లీ తిప్పాల్సిందే.

సాఫ్ట్‌వేర్ టీమ్ ఆ రేట్లు పట్టుకెళ్లి, వారంలోపే వేరే ప్రతిపాదనతో వచ్చింది. పెద్ద బోర్డు వద్దు, ఇప్పుడున్నదానికే 120 గ్రాములు, 12 వాట్ల యాక్సిలరేటర్ (ఫొటోల విశ్లేషణను వేగంగా చేసే అదనపు చిప్) తగిలిస్తామన్నారు. దాంతో ఎగురుతుండగా అనుమానం ఉన్న చోట్లను గుర్తుపెట్టి రెండో ఫొటో తీసుకుంటారు, పగులా కాదా అని తేల్చే భారీ మోడల్ మాత్రం డ్రోన్ దిగాక కింద మెషీన్ మీద నడుస్తుంది. రేట్ల ప్రకారం ఖరీదు 230 గ్రాములు. వలయం తిప్పితే బ్యాటరీ 0.90, మొత్తం 3.17 కేజీలు, అంచనా సరిపోయింది. రెండో ఫొటోల కోసం ఆగే సమయం ఎంతో ఇంకా తేలాలి. దానికి మిషన్ డబ్బాలో ఒక కొత్త ఇన్‌పుట్ పెట్టి, ఎన్ని చోట్ల ఆగొచ్చో పైహద్దును వాళ్లనే రాయమన్నాం.